కన్నత్త కొట్లో నేర్చిన మాట

మొన్నీమధ్య ఎచ్చెర్ల అవతల ఒక కాలేజీ వాళ్లు కారు పంపించి మరీ నన్ను తీసుకెళ్లారు. పిల్లలకి సాఫ్ట్ స్కిల్స్ మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. ఉద్యోగాలివ్వడానికి కంపెనీలు వచ్చే కాలమట. పిల్లలకి మార్కులున్నాయి గాని నలుగురిలో నోరు పెగలడం లేదట. ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, పైగా కథలు రాస్తానని పేరు, ఈవిడకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందనుకున్నారు పాపం. అక్కడ ఒక కుర్ర మాస్టారు గోడ మీద తెర దించి, బొమ్మలు చూపిస్తూ, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి, వాళ్లు చెప్పేది పూర్తిగా వినాలి, మన చేతులూ భుజాలూ కూడా మాట్లాడతాయి, దాన్నే బాడీ లాంగ్వేజ్ అంటారు అని చక్కగానే చెబుతున్నాడు. పిల్లలు శ్రద్ధగా రాసుకుంటున్నారు. నాకు నవ్వొచ్చింది. అతన్ని చూసి కాదు. ఈ చదువంతా నేను ఒక వేసవిలో, గజపతినగరంలో, కొత్త గుడ్డల గంజి వాసన మధ్య, తెరలూ బొమ్మలూ లేకుండా మొట్టికాయలు తిని నేర్చుకున్నానని గుర్తొచ్చి నవ్వొచ్చింది. తీరా నా వంతు వచ్చేసరికి ఆ సంగతి చెప్పకుండా, ధైర్యంగా ఉండండి, పుస్తకాలు చదవండి అని అరిగిపోయిన మాటలు పది నిమిషాలు చెప్పి, శాలువా కప్పించుకుని వచ్చేశాను. ఇంటికొచ్చాక నా మీద నాకే ఒళ్లు మండింది. చెప్పాల్సింది కన్నత్త గురించి కదా. అక్కడ చెప్పకుండా వచ్చేసింది ఇక్కడ రాస్తున్నాను.

కన్నత్త మా నాన్నకి అక్క. అసలు పేరు కన్యకమ్మ. పెళ్లయిన నాలుగేళ్లకే భర్త పోతే మా తాతగారు పుట్టింటికి తెచ్చేసుకున్నారు. ఆ రోజుల్లో అలా తిరిగొచ్చిన ఆడమనిషిని వంటింట్లో పడేసేవారు. ఈవిణ్ణి పడేయడం ఎవరి తరమూ కాలేదు. మాది బట్టల కొట్టు, ముందు కొట్టు, వెనక ఇల్లు. వీధిలోంచి మూడు రాతి మెట్లెక్కితే పదిమంది నిలబడేంత జాగా, దానికెదురుగా నడుమెత్తు చెక్క బల్ల, బల్ల మీద తెల్ల దుప్పటి పరిచిన పరుపు. పరుపు మీద కుడివైపు నాన్న, ఎడమవైపు కన్నత్త. పంచెలు, తువ్వాళ్లు, చొక్కా గుడ్డలు నాన్నవి. చీరలు, రవిక గుడ్డలు, పసిపిల్లల జుబ్బాలు అత్తవి. పొద్దున్నే మెట్లు కడిగి ముగ్గు పెట్టి, కొట్టంతా సాంబ్రాణి వేసి, ఆ పొగ అరల్లోకి పోయేలా విసనకర్రతో విసిరేది. ఆ సాంబ్రాణీ, కొత్త చీరల గంజీ, వెనక వంటింట్లోంచి వచ్చే ఇంగువ పోపూ కలిసిన వాసన ఒకటుండేది. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త చీర విప్పితే ముందు ముక్కు దగ్గర పెట్టుకుంటాను, మా కోడలు నవ్వుతుంది. అత్తకి పొడుం అలవాటు. కాని చీరల దగ్గర పీల్చేది కాదు. పీల్చాలనిపిస్తే లేచి, ఇల్లంతా దాటి, పెరట్లో నూతి గట్టు దాకా వెళ్లి పీల్చి, తుమ్మి, చేతులు సబ్బుతో రుద్దుకుని మళ్లీ వచ్చి కూర్చునేది. రోజుకి పదిసార్లు ఆ ప్రయాణం. అలా తిరగబట్టే ఆవిడకి ఒళ్లు రాలేదని మా అమ్మ అనేది.

ఇక నా సంగతి. మూగదాన్ని కాను గాని కొత్తవాళ్ల ముందు మూగదానికీ నాకూ తేడా లేదు. ఇంట్లో మాట్లాడేదాన్ని, బళ్లో పుస్తకం చూసి చదవమంటే చదివేదాన్ని. కాని పరాయివాళ్లు ఎవరైనా నీ పేరేమిటమ్మా అంటే చాలు, మెడ కిందికి వాలిపోయేది, నాలుక అంగిటికి అతుక్కునేది. పదో తరగతిలో మార్కులు బాగా వచ్చాయి. విజయనగరంలో ఆడపిల్లల కాలేజీలో సీటుకీ హాస్టల్‌కీ కలిపి ఇంటర్వ్యూ అన్నారు. నాన్న తీసుకెళ్లాడు. ప్రిన్సిపాల్ గారూ ఇంకో ఇద్దరూ బల్ల అవతల కూర్చుని నా పేరడిగారు, ఎందుకు చదువుకోవాలనుకుంటున్నావని అడిగారు. నేను రెండు కాళ్ల బొటనవేళ్లూ చూస్తూ నిలబడ్డాను. పేరు కూడా చెప్పలేకపోయాను. ఆవిడ చాలాసేపు ఓపిక పట్టి, చివరికి కాగితం మీద ఏదో రాసుకుని, నెలన్నర తర్వాత మిగిలిన సీట్లకి మళ్లీ పిలుస్తాం, అప్పటికైనా మాట్లాడితే చూద్దాం అన్నారు. తిరుగు బస్సులో నాన్న తిట్టలేదు. అదే నాకు ఎక్కువ బాధ. ఇంటికొచ్చాక మా అమ్మతో, పేరు చెప్పలేని పిల్ల పరాయి ఊళ్లో హాస్టల్లో ఏం బతుకుతుంది, జ్వరమొస్తే ఎవరికి చెప్పుకుంటుంది, రెండోసారీ ఇలాగే అయితే చదువు మానిపించేద్దాం అన్నాడు. కోపంతో అన్నది కాదు, భయంతో అన్నది. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. నాకు చదువంటే ప్రాణం. అంత ప్రాణమని చెప్పడానికి కూడా నోరు లేదు.

కన్నత్త అప్పుడు నూతి గట్టు నుంచి తిరిగొస్తోంది. చేతులు తుడుచుకుంటూ, ఆ నెలన్నర దాన్ని నాకు ఇచ్చీ తమ్ముడూ అంది. మర్నాడు నన్ను పరుపు మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. నాకు మాట్లాడ్డం రాదత్తా అన్నాను.

“నోరు లేకపోతే మానె. కళ్లూ సెవులూ ఉన్నాయి కదేటి,” అంది. “ముందు వాటితో బేరం సెయ్యి.”

మొదటి పది రోజులూ నన్ను నిజంగానే నోరు విప్పనివ్వలేదు. చూడమంది, అంతే. వచ్చినవాళ్లు నోటితో ఆకుపచ్చ కావాలంటారు, వాళ్ల చెయ్యి మాత్రం చిలకాకుపచ్చ మీంచి జారి పక్కనున్న గచ్చకాయ రంగు మీద ఆగుతుంది. చెయ్యి ఎక్కడ ఆగిందో చూడమనేది. ఇద్దరు ఆడవాళ్లు కలిసొస్తే కొనే ఆవిడకే కాదు, తోడొచ్చిన ఆవిడకీ చీర అంచు అందించమనేది. ఎండన పడి వచ్చినవాళ్లకి ముందు మంచినీళ్లివ్వాలి, వాళ్లు గ్లాసు కింద పెట్టేదాకా చీరల మాట ఎత్తకూడదు. మాట మధ్యలో వాళ్లు ఆగితే మనం దూరిపోకూడదు, ఆగినవాళ్లు మళ్లీ మొదలెడతారు, అసలు సంగతి అప్పుడే చెబుతారు. ఒకసారి ఎవరో జరీ అంచు చీరలడిగితే మన దగ్గర అంత మంచివి లేవు, ఆ చివరి కొట్లో చూడండి అని పంపించేసింది. నాన్న పళ్లు కొరికాడు. అత్త పట్టించుకోలేదు. మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఇద్దరం చీరలన్నీ మడతలు పెట్టుకుంటూ కూర్చునేవాళ్లం. అప్పుడు పొద్దున వచ్చిన ఒక్కొక్కళ్ల గురించీ నన్ను అడిగేది. ఆవిడ ఏ ఊరంది, మోకాలి మీద చెయ్యెందుకు పెట్టుకుంది, కూతురి మాట వచ్చినప్పుడు ఎటు చూసింది. నేను చెప్పలేకపోతే నెత్తిన ఒక మొట్టికాయ. మెల్లగా చెప్పగలిగాను. ఆ తర్వాత మంచినీళ్లిస్తూ ఏ ఊరండీ అని అడగడం కూడా వచ్చింది. అడిగిన మొదటి రోజు అత్త నా వైపు చూడకుండానే తొడ మీద గిల్లింది. మెచ్చుకోవడం అన్నమాట.

ఆ కొట్లో ఒక కట్టుబాటుండేది. వచ్చినవాళ్లు ఎన్ని చీరలు విప్పించినా, కొన్నా కొనకపోయినా, వాళ్లు మూడో మెట్టు దిగి వీధిలోకి వెళ్లేదాకా ఒక్క చీర కూడా మడత పెట్టకూడదు. పరుపు మీద చీరలు గుట్టపడి పక్కవాళ్లకి చోటు లేకపోయినా సరే. ఇది అత్త నాకు మొదటి రోజే చెప్పింది. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఏదో శకునమేమో అనుకున్నాను.

నాకు కాస్త మాట వచ్చాక అతి తెలివి కూడా వచ్చింది. ఒక రోజు మెంటాడ దారిలో ఒక పల్లె నుంచి పైడమ్మ అనే ఆవిడ వచ్చింది. వాళ్లది వ్యవసాయం, మా తాతగారి రోజుల నుంచీ మా కొట్లోనే బట్టలు. అత్త వెనక వంటింట్లో ఉంది, నేనున్నానులే అన్నాను గొప్పగా. మంచినీళ్లిచ్చాను, ఊరు అడిగాను, చీరలు దించాను. తోడికోడలికి చీర కావాలంది. ఏ రంగంటే చెప్పదు. ఒకటి విప్పితే ఇంకోటి అంటుంది, అది పక్కన పెట్టి ముందుది మళ్లీ పట్టుకుంటుంది. గంటన్నర గడిచింది. పరుపు మీద పద్నాలుగు చీరలు. ఎటూ తేలక ఆవిడ వాటి వైపు చూస్తూ ఉండిపోయింది. కొననని అనలేదు, వెళ్తానని అనలేదు, చూస్తోంది అంతే. నాకు విసుగు పుట్టింది. కొనదులే అనిపించింది. ఒక చీర చివర్లు పట్టుకుని టపటపా దులిపి మడత పెట్టడం మొదలుపెట్టాను. రెండోది, మూడోది. చకచకా మడతలు పెడుతుంటే నాకే ముచ్చటగా ఉంది.

పైడమ్మ నా చేతుల వైపు చూసింది. చూసి, “మడిసీ అమ్మా, బేగి మడిసీ. మాలాంటోల కోసం ఇప్పి ఇప్పి అలిసిపోనావు,” అని మెట్లు దిగింది. దిగుతూ ఒక్కసారి వెనక్కి తిరిగింది. ఆ మొహం నేను చూడకుండా ఉంటే బాగుండేది. తిట్టే మొహం కాదది. చిన్నబోయిన మొహం.

అత్త గుమ్మంలో నిలబడి ఉంది. అంతా చూసింది. నేను ఏమీ అనలేదత్తా అన్నాను.

“నీ నోరు ఏటీ అన్లేదే. నీ సేతులు మాత్రం ఇంక ఎల్లు అనీసినాయి,” అంది.

మొట్టికాయ పెడుతుందని తల వంచాను. పెట్టలేదు. పైడమ్మ ఇంకా కళ్లతో ఎంచుకుంటూనే ఉంది, కళ్లతో ఎంచుకునేవాళ్లకి చీర విప్పి ఉండాలి కదా అంది. అప్పుడు తెలిసింది ఆ కట్టుబాటు శకునం కాదని. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఇంటర్వ్యూకి పన్నెండు రోజులుంది. నోరొస్తే చాలు గట్టెక్కుతాననుకున్నాను, తీరా నోరొచ్చాక చేతులు పాడు చేశాయి.

రెండు రోజులాగి, పద, పైడమ్మ ఊరెళ్దాం అంది అత్త. నేను రానని ఏడిచాను. సరే ఇంటర్వ్యూకీ వెళ్లకు, రెండూ ఒకటే అంది. మూట కట్టుకుందామని నాలుగు చీరలు దించబోతే చెయ్యి మీద కొట్టింది. చీరలు పట్టుకెళ్తే బేరానికి వచ్చారనుకుంటారు, ఉత్త చేతులతో వెళ్లాలి అంది. బస్సు దిగాక రోడ్డు పక్కన చింతచెట్టు కింద తను కూలబడి, పొడుం డబ్బా తీసి, నువ్వెళ్లి రా, నేనిక్కడే ఉంటాను అంది. ఒక్కదాన్నే పొలం గట్ల మీద వెళ్లాను. పైడమ్మ చోడి, అదే రాగి, నారుమడి దగ్గర ఉంది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ చుట్ట కాలుస్తూ కలుపు తీస్తోంది. నన్ను చూసింది గాని పలకరించలేదు. నేను గట్టు మీద నిలబడ్డాను. నాలుక మళ్లీ అంగిటికి అతుక్కుంది. చివరికి, మీరింకా చూస్తుండగా మడత పెట్టేశాను, తప్పయిపోయింది అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు, ఆవిడకి వినపడింది.

చుట్ట తీసి, “మీయత్త తోలిందేటి?” అంది.

అవునన్నాను. రానని ఏడిచానని కూడా చెప్పాను. మరెందుకొచ్చావంది. మెట్లు దిగినప్పుడు మీ మొహం చూశాను అన్నాను. పైడమ్మ కలుపు కట్ట గట్టు మీద పడేసి, చేతులు కడుక్కుని, రా గుంటా అని ఇంటికి తీసుకెళ్లి, గిన్నెలో చోడంబలి పోసి, పచ్చిమిరపకాయా ఉల్లిపాయా ఇచ్చింది. తను ఎదురుగా కూర్చుంది. పొలం గట్టు తగువులో తోడికోడలితో మాటలు పోయాయట, ఏడేళ్లయిందట. ఆవిడ కొడుక్కి పిల్ల పుట్టిందని తెలిసి, ఇంక చాలు, చీర పట్టుకుని వెళ్దామనుకుందట. ఒకప్పుడు ఆవిడకి ఏ రంగు ఇష్టమో తెలుసు, ఇప్పుడేం కడుతోందో కూడా చూడలేదు, అందుకే కొట్లో పాలుపోలేదు అంది. అని ఆగింది. ఆగినప్పుడు దూరకూడదని అత్త చెప్పింది కదా, నేను అంబలి తాగుతూ ఊరుకున్నాను. ఎంతకీ మొదలెట్టకపోతే, ఆవిడ పేరేటి అని అడిగాను. పైడమ్మ నా వైపు కొత్తగా చూసింది. ఆ ఏడేళ్లలో ఆ పేరు తన నోటి మీదికి రాలేదట. చాలాసేపటికి, గౌరి అంది. అన్నాక ఇంక ఆగలేదు. ఇద్దరూ ఒకే ఏడాది కాపరానికి రావడం, ఒకరి పిల్లలకి ఒకరు పాలివ్వడం, ఒకే దుప్పట్లో పడుకుని మొగుళ్లని తిట్టుకోవడం, అన్నీ చెప్పి, కొంగుతో మొహం తుడుచుకుని నవ్వింది. నేను చేసిందల్లా ఒక ప్రశ్న అడగడం, తర్వాత వినడం. పరాయి మనుషులంటే నాకు భయం లేకుండా చేసింది ఆ పూటే. వాళ్లు నన్ను ఏం అడుగుతారో అని అన్నాళ్లూ హడలిపోయాను, వాళ్ల గురించి నేను అడగవచ్చునని తట్టనే లేదు.

చింతచెట్టు కిందికి తిరిగొచ్చేసరికి అత్త అక్కడి మేకలకాపరితో ఏదో పోట్లాటలో ఉంది. నన్ను చూసి ఏం జరిగిందని అడగలేదు. మొహం చూసి తెలుసుకుంది. మరో నాలుగు రోజులకి పైడమ్మ ఒక చీర పట్టుకుని మా కొట్టుకి వచ్చింది. ఎక్కడి చీర? వేరే కొట్లో కొన్న చీర. మా దగ్గరికి మళ్లీ రావడానికి మొహం చెల్లక అక్కడ కొనేసిందట, గౌరికి పట్టుకెళ్లే ముందు బాగుందో లేదో కన్నత్త చూసి చెప్పాలట. నాన్న లోపలికి వెళ్లిపోయాడు. అత్త మాత్రం ఆ చీర ఆసాంతం విప్పి, అంచు వేళ్లతో రుద్ది చూసి, నేత గట్టిది, రంగు పోదు, మంచిది ఎంచావు అని చెప్పి పంపింది. ఇదేం వ్యాపారమని నాన్న అరిస్తే, చూపించడానికి మన కొట్టుకే వచ్చింది కదరా అంది.

రెండో ఇంటర్వ్యూ రోజు సంత పడింది. నాన్న కొట్టు వదలడానికి లేక అత్త నాతో బయల్దేరింది. పెట్టెలోంచి తెల్ల నేతచీర తీసి కట్టుకుంది. బస్సులో ఆవిడ ధాటి చూడాలి. కండక్టరు అత్తవారి ఊరు కనుక్కుంది, పక్క సీట్లో చంటిపిల్లకి దిష్టి తీసింది, వెనక కూర్చున్న ముసలాయన మోకాళ్లకి మందు చెప్పింది. విజయనగరంలో దిగేటప్పటికి సగం బస్సు ఆవిడకి చుట్టాలైపోయింది. కాలేజీ గేటు దాటాక మాటలు తగ్గాయి. మెట్లెక్కాక ఆగిపోయాయి. నేను నా భయంలో ఉండి గమనించలేదు. లోపలికి పిలిచారు. అదే గది, అదే బల్ల, బల్ల అవతల ఆ ముగ్గురే. ప్రిన్సిపాల్ గారు నన్ను కాదు, ముందు అత్తని అడిగారు. మీరు అమ్మాయికి ఏమవుతారు, తల్లిదండ్రులు ఎందుకు రాలేదు అని. అత్త పలకలేదు. ఆవిడ మళ్లీ అడిగారు. అత్త కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, తల వంచుకుని తన కాళ్ల వైపు చూస్తోంది. పక్కన కూర్చున్న ఒకావిడ ఇంగ్లీషులో ఏదో అని నవ్వింది. అర్థం కాకపోయినా అత్త చెవులు ఎర్రబడ్డాయి.

ఊరందరి నోళ్లకీ సమాధానం చెప్పే మా అత్త, సరిగ్గా నెలన్నర కిందట నేను నిలబడ్డట్టు నిలబడి ఉంది. నా భయం ఎక్కడికి పోయిందో తెలియదు. నా గురించైతే పోయేది కాదేమో. అమ్మా, ఈవిడ మా మేనత్త, పేరు కన్యకమ్మ, కాస్త కుర్చీ ఇప్పించండి అన్నాను. ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు మీంచి నన్ను చూసి, బంట్రోతుని పిలిచి కుర్చీ వేయించారు. అత్త కూర్చోదు. నేను కళ్లతోనే కూర్చోమన్నాను. కుర్చీ అంచు మీద కూర్చుంది. తర్వాత ప్రిన్సిపాల్ గారు కాగితం తిరగేసి, పోయినసారి పేరు కూడా చెప్పలేదని రాసుంది, ఇప్పుడెవరు నేర్పారు అన్నారు. ఈవిడే అన్నాను. ముగ్గురూ మాట పడిపోయిన మా అత్త వైపు చూశారు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. సరే, ఎందుకు చదువుకోవాలనుకుంటున్నావో చెప్పు అన్నారు. దానికి అత్తా నేనూ కలిసి నాలుగు వాక్యాలు తయారుచేసుకుని బట్టీపట్టాం. ఆ నాలుగూ ఎగిరిపోయాయి. ఉన్నమాట వచ్చేసింది.

“మా అత్త మా కొట్లో ఎవరితోనైనా మాటాడతాదమ్మా. ఇక్కడ మాట రాలేదు. సదువుకుంటే నాకిలాగ అవదేమోనని.”

నాలుక కరుచుకున్నాను. అత్త ముందరే అత్తని తక్కువ చేసి మాట్లాడాను. పైడమ్మ ముందు చీర మడిచినప్పుడు ఏం చేశానో ఇప్పుడూ అదే చేశాను, ఈసారి నోటితో. నవ్విన ఆవిడ నవ్వు మానేసి కిటికీ వైపు తిరిగింది. ప్రిన్సిపాల్ గారు చాలాసేపు ఏదో రాసి, సోమవారం పెట్టె సర్దుకుని హాస్టల్‌కి రా అన్నారు. నాకు సీటు వచ్చింది. ఎగిరి గంతెయ్యాల్సినదాన్ని, అత్త మొహం వైపు చూడ్డానికి ధైర్యం చాలక గేటు దాకా వెనకే నడిచాను.

తిరుగు బస్సులో అత్త ఎవరితోనూ మాట్లాడలేదు. సగం దారి గడిచాక, అత్తా, నేను అలా అనకుండా ఉండాల్సింది అన్నాను. ఆవిడ కిటికీలోంచి చూపు తిప్పకుండానే నా చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

“నిజమే కదే అన్నావు,” అంది. “పరుపు మీద కూసున్నోలకి మాటలు బాగానే వస్తాయి. అదంతా నా తెలివే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఎదర నిలబడ్డోల సంగతి ఇవాల తెలిసింది.” మళ్లీ తనే, “గంటన్నర నిలబెట్టీసినాం పైడమ్మని. కూసోమని నాను నీకు నేర్పనేలేదు,” అంది.

మర్నాడే వడ్రంగిని పిలిపించి మెట్ల మీది జాగాలో నాలుగు ముక్కాలిపీటలు వేయించింది. జాగా అంతా పీటలే అయితే జనం ఎక్కడ నిలబడతారని నాన్న గొణిగాడు. నిలబడొద్దనే అంది అత్త.

ఎచ్చెర్ల నుంచి వచ్చిన రోజు నా బుర్రలో తిరిగింది, నిలబడ్డవాళ్ల గురించి అత్త అన్న ఈ మాటే. ఆ కాలేజీలో టీ తాగుతుంటే నౌపడ నుంచి వచ్చిన పిల్ల ఒకతి నా పక్కన కూర్చుని, ఉప్పుమళ్లలో వాళ్లమ్మ పదిమంది చేత ఎలా పని చేయిస్తుందో, అలిగినవాళ్లని ఎలా నవ్విస్తుందో అచ్చం వాళ్లమ్మలా గొంతు మార్చి చెప్పింది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. అదే పిల్ల వేదిక ఎక్కి, బట్టీపట్టిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు చెప్పి, అయిదోది మర్చిపోయి, కళ్లనీళ్లతో దిగింది. ఆ పిల్లకి మాట రాదని ఎవరంటారు? మా రోజుల్లో ఇవన్నీ నేర్పే మాస్టార్లు లేరు, ఇప్పుడున్నారు, మంచిదే. మాకు అత్తలుండేవారు, తీరికగా తప్పులు చేసుకోవడానికి ఒక కొట్టుండేది, తప్పు చేసిన ఊరికి మళ్లీ వెళ్లి నిలబడే వ్యవధి ఉండేది. ఈ పిల్లలకి తలా ఒక నిమిషం ఇస్తున్నారు. వాళ్లని చూస్తే నాకు జాలి కాదు, ప్రేమ కలుగుతుంది. మాట్లాడ్డం నేర్పాల్సింది నిలబడ్డవాళ్లకి ఒక్కళ్లకేనా, బల్ల అవతల కూర్చునేవాళ్లకి ఎవరు నేర్పుతారు అని ఆ కుర్ర మాస్టారిని అడగాల్సింది. ఈసారి పిలిస్తే అడుగుతాను.

నేను హాస్టల్లో చేరాక అత్త నెలకోసారి చేగోడీలు, పచ్చళ్లు పట్టుకుని వచ్చేది. గేటు బయటే నిలబడిపోయేది. నేను ఎదురెళ్లి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, వార్డెన్ గారికీ, వంటావిడకీ, నా గదిలో పిల్లలకీ మా మేనత్త అని చెప్పి కూర్చోబెట్టేదాన్ని. మొదటిసారి మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది. రెండోసారి వంటావిడతో రెండు మాటలు మాట్లాడింది. నాలుగోసారో అయిదోసారో నాకు ప్రయోగశాలలో ఆలస్యమైంది. అయ్యో, అత్త ఎండలో నిలబడి ఉంటుందని పుస్తకాలు గుండెకి హత్తుకుని గేటు దాకా పరిగెత్తాను. గేటు దగ్గర లేదు. కాపలా అతన్నడిగితే లోపలికి చెయ్యి చూపించాడు. వార్డెన్ గారి గది ముందు పిల్లలు గుంపు కట్టి ఉన్నారు, లోపల్నుంచి నవ్వులు. తొంగి చూశాను. వార్డెన్ గారు ముక్కాలిపీట మీద కూర్చుని తన చీర కొంగు పట్టుకుని చూపిస్తున్నారు. అత్త ఆవిడ కుర్చీలో కూర్చుని, ఆ కొంగు వేళ్లతో రుద్దుతూ, ఈ నేత మంచిది కాదమ్మా, నిన్నెవరో మోసం చేశారు అని నిష్కర్షగా చెబుతోంది. నన్ను చూసి, నీకు పనుంటే చూసుకుని రా, నాకేం తొందర లేదు అంది.